పాట దిగే స్టేషన్లు

ఎంజీబీఎస్‌లో జేబీఎస్ వైపు వెళ్లే మెట్రో రైలు ఎక్కండి. సుల్తాన్‌బజార్ దాటాక వరసగా మూడు స్టేషన్లు వస్తాయి. నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్! 2020 ఫిబ్రవరి 7న ఈ లైను మొదలయ్యాక ఆ మూడింటి మధ్య దూరం నాలుగైదు నిమిషాలకు తగ్గిపోయింది. అదే నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లు. అయినా సరే, నడవడమే మంచిది. ఎందుకంటే ఈ కాస్త దూరంలోనే బడులున్నాయి, కాలేజీలున్నాయి, గుళ్లున్నాయి, గానసభ ఉంది, గ్రంథాలయం ఉంది, సినిమాహాళ్లున్నాయి, పక్క సందుల్లో హాస్టళ్లున్నాయి. పాట పుట్టడం ఎక్కడైనా పుట్టొచ్చు. కానీ అది జనం నోట పడడానికి కావలసిన సరంజామా అంతా ఇక్కడే ఉందన్నమాట!

అందుకే ఈ వారం ఓ ప్రశ్నను జేబులో వేసుకుని ఈ దారిలో వెళ్లొద్దాం. ఎక్కడో ప్యూర్టోరికోలో పుట్టిన ఓ కుర్రాడు ఆల్బమ్ చేస్తే వారం తిరక్కుండా లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. కొలంబియా అమ్మాయి షకీరా పాడితే భాష తెలియని వాళ్లు కూడా నడుం ఊపారు. మరి మన తెలుగులో సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా ఆల్బమ్ చేసినవాళ్లు ఏమయ్యారు? వాళ్లంతా చివరికి సినిమా గడపే ఎందుకు తొక్కాల్సి వచ్చింది? లోపం పాటలోనా... వినే మనలోనా?

నారాయణగూడ: 'ఏ సినిమా?'

నారాయణగూడ అంటే చదువుల పేట. నిజాం జమానాలో, ఉర్దూ మీడియం రాజ్యమేలుతున్న రోజుల్లో, 1928లోనే ఆడపిల్లల కోసం తెలుగు మీడియం బడి పెట్టారు మాడపాటి హనుమంతరావు. ఆయన పేరుతోనే ఆ బడి ఇక్కడుంది. 1940లో మొదలైన కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలూ ఇక్కడివే. రెడ్డి కాలేజీ అని అందరూ పిలుచుకునే రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఉంది. వైఎంసీఏ ఉంది. సాయంత్రం నాలుగయ్యిందంటే చౌరస్తా నిండా పుస్తకాల సంచులే. చదువుకునే పిల్లలు ఇంతమంది ఉన్నచోట పాటలు అమ్మేవాళ్లు ఉండరా? టేపురికార్డర్ల కాలంలో ఇలాంటి సెంటర్లలో ఓ క్యాసెట్ల దుకాణం, దాని పక్కనే ఓ జిరాక్సు సెంటరు తప్పనిసరి.

ఆ దుకాణాల వ్యవహారం నలభై దాటిన వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. అద్దాల అలమరలో వరసగా పేర్చిన క్యాసెట్లు... అట్టల మీద హీరోల ముఖాలు. ఒక్కోటి పాతికో ముప్పయ్యో. అంత పెట్టలేని వాళ్లకు ఇంకో దారి. నచ్చిన పాటల జాబితా కాగితం మీద రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ ఒకటి చేతిలో పెడితే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. తొంభై నిమిషాల క్యాసెట్ అయితే పక్కకు తొమ్మిదో పదో పాటలు. చివరి పాట సగంలో తెగిపోతే అదో బాధ!

అక్కడ కౌంటర్ దగ్గర ఎవరు నిలబడినా మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే... 'ఏ సినిమా?' పాడిందెవరు, బాణీ ఎవరిది అన్నవి తర్వాతి సంగతులు. దుకాణంలో క్యాసెట్లు పేర్చింది సినిమా పేరుతో. కొనేవాడు అడిగేదీ సినిమా పేరుతోనే. భక్తి పాటలకు ఓ అర, గజళ్లకో అర, ఇంగ్లిషుకో అర. సినిమాలో లేని తెలుగు పాటకు మాత్రం విడిగా ఓ అర లేదు. వస్తువుకు అర లేని దుకాణంలో ఆ వస్తువు ఎలా అమ్ముడుపోతుంది?

ఫుట్‌బాల్ మైదానంలో మొదలై...

ఇప్పుడు కాసేపు సముద్రాలు దాటి వెళ్లొద్దాం. రికీ మార్టిన్ పేరు విన్నారుగా? 1990ల చివర మన కాలేజీ డేల్లో కూడా మోగిన పేరే. ప్యూర్టోరికోకి చెందిన 'మెనూడో' అనే కుర్రాళ్ల బృందంలో చిన్నప్పుడే చేరాడు. తర్వాత సొంతంగా స్పానిష్‌లో నాలుగు ఆల్బమ్‌లు చేశాడు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో పేరొచ్చింది. అమెరికాలో ఇంగ్లిషు వినేవాళ్లకు మాత్రం పెద్దగా తెలియదు.

1998లో ఫ్రాన్స్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ జరిగింది. ఆ పోటీల పాట అతనిదే. ఫైనల్ రోజున మైదానంలో పాడాడు. లోకమంతా టీవీల ముందు కూర్చుని ఉన్న సమయమది! 1999 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల వేదిక మీద అదే పాట పాడితే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వేడి చల్లారకముందే, మే నెలలో, తన పేరుతోనే ఇంగ్లిష్ ఆల్బమ్ విడుదల చేశాడు. మొదటి వారంలోనే అమెరికాలో 6 లక్షల 61 వేల కాపీలు అమ్ముడుపోయి, బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. అందులోని 'లివిన్ లా విడా లోకా' పాట ఐదు వారాలు నంబర్‌వన్‌గా ఉంది. తర్వాత ఒక్క అమెరికాలోనే ఆ ఆల్బమ్‌కు 70 లక్షల కాపీల ప్లాటినమ్ గుర్తింపు వచ్చింది.

కుర్రాడు బాగా పాడాడు, బాగా ఆడాడు... నిజమే. కానీ అంతకుముందు చేసిన నాలుగు ఆల్బమ్‌ల్లో కూడా బాగానే పాడాడుగా? తేడా ఎక్కడంటే, ఈసారి ఆల్బమ్ దుకాణానికి రాకముందే గొంతు జనం చెవిన పడింది. మైదానం, టీవీ, అవార్డుల వేదిక... ఈ మూడూ కలిసి పాటకు దారి వేశాయి. 2000లో వచ్చిన తర్వాతి ఇంగ్లిష్ ఆల్బమ్‌కు అంతటి దారి లేదు. అమ్మకాలూ ఆ స్థాయికి చేరలేదు. మనిషి అతడే, గొంతు అదే!

అంటే ఆల్బమ్ జాతకం తెలియాలంటే పాట ఎలా ఉందో చూస్తే చాలదు. జనం ఆ పాటను మొదటిసారి ఎక్కడ విన్నారో కూడా చూడాలి. ఈ లెక్క పట్టుకుని మళ్లీ మనూరికి వద్దాం.

సగం దూరం వచ్చిన మన పాప్

మనదేశంలోనూ అవే రోజుల్లో పాప్ గాలి వీచింది. 1994లో ఛానల్ వి, 1996లో ఎంటీవీ ఇండియా వచ్చాయి. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', దలేర్ మెహందీ 'బోలో తా రా రా', 1996లో లక్కీ అలీ 'సునో', 1997లో ఏఆర్ రెహమాన్ 'వందేమాతరం'... సినిమా లేకుండానే ఊరూవాడా మోగాయి. కేబుల్ టీవీ వీటికి దారి వేసింది. హిందీ మార్కెట్ పెద్దది కాబట్టి కంపెనీలు వీడియోల మీద డబ్బులు కుమ్మరించాయి.

తెలుగువాళ్లు మాత్రం ఊరుకున్నారా? విశాఖ కుర్రాడు రమణ గోగుల ఇండీపాప్ ఆల్బమ్‌తోనే లోకానికి తెలిశారు. ఆ గొంతులో కొత్తదనం చూసి సినిమావాళ్లు కబురు పెట్టారు. 1998లో 'ప్రేమంటే ఇదేరా', 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి'. ఇక పాప్ గాయకుడు కాస్తా సినీ సంగీత దర్శకుడైపోయారు. జనానికి ఆ సినిమాలు గుర్తున్నాయి. ఆ మొదటి ఆల్బమ్ ఎంతమందికి గుర్తుంది?

విజయవాడ అమ్మాయి స్మితది ఇంకో కథ. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన ఈటీవీ 'పాడుతా తీయగా'లో పాడి బయటికొచ్చారు. అందరూ ప్లేబ్యాక్ వైపు చూస్తుంటే ఈమె పాప్ వైపు చూశారు. 2000 ప్రాంతంలో 'హాయ్ రబ్బా' ఆల్బమ్‌తో తెలుగులో పాప్ గాయని అనే మాటకు ఓ ముఖం ఇచ్చారు. క్యాసెట్ అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ కాకుండా పాడినమ్మాయి బొమ్మే ఉండడం మనకు కొత్త. ఆ తర్వాత ఆమె పాటల్లో ఇంటింటికీ చేరింది ఏదని అడిగితే చాలామంది చెప్పేది 'మసక మసక'. అదేమో 1973లో వచ్చిన 'దేవుడు చేసిన మనుషులు' సినిమాలో రమేశ్ నాయుడు సంగీతంలో ఎల్ఆర్ ఈశ్వరి పాడిన పాట! చూశారా తమాషా... సినిమా వద్దనుకున్న పాప్ కూడా జనం దగ్గరికి వెళ్లాలంటే పాత సినిమా పాట భుజం మీద చెయ్యి వేయాల్సి వచ్చింది.

ఎందుకిలా? ఖర్చు లెక్క చూస్తే తెలుస్తుంది. సినిమా పాటకు రికార్డింగు ఖర్చు నిర్మాతది. ఊటీలోనో విదేశాల్లోనో తీసే వీడియో ఖర్చు నిర్మాతది. పోస్టర్లు, టీవీ ప్రకటనలు అన్నీ నిర్మాతవే. ఆడియో కంపెనీ హక్కులు కొనుక్కుంటే చాలు, పాటకు ముందే ప్రచారం సిద్ధంగా ఉంటుంది. సొంత ఆల్బమ్ చేసినవాళ్లకు ఇవన్నీ సొంత ఖర్చులే. ఇంతా చేసి దుకాణానికి తీసుకెళితే ఎదురయ్యే ప్రశ్న మళ్లీ అదే... 'ఏ సినిమా?'

చిక్కడపల్లి: గుడి మైకు, గానసభ మైకు

నారాయణగూడ చౌరస్తా నుంచి నడిస్తే చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు వస్తుంది. నెత్తిన మెట్రో స్తంభాలు, కింద బస్సులు. పక్క సందులోకి తిరిగితే మాత్రం ఊరు నెమ్మదిస్తుంది. ఇళ్ల ముందు ముగ్గులు, టిఫిన్ సెంటర్లు, పూజా సామగ్రి దుకాణాలు, వేంకటేశ్వరస్వామి గుడి.

గుడి అనగానే గుర్తొచ్చిందేమిటి? సుప్రభాతం! ఎంఎస్ సుబ్బులక్ష్మి గొంతులో 1963లో రికార్డయిన సుప్రభాతం సినిమాలోది కాదు. అయినా అరవై ఏళ్లు దాటినా తెల్లవారుజామున అదే వినిపిస్తుంది. 1980లో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆమె పాడిన 'బాలాజీ పంచరత్నమాల' ఐదు రికార్డులూ అంతే. అన్నమయ్య కీర్తనలు సంగీతం రాని ఇళ్లలోకి కూడా వచ్చాయంటే ఆ రికార్డుల పాత్ర చిన్నది కాదు. ఘంటసాల భగవద్గీత చూడండి. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాకే హెచ్ఎంవీ దాన్ని విడుదల చేసింది. హీరో లేడు, హీరోయిన్ లేదు, డ్యూయెట్ లేదు. అయినా తెలుగునాట ఆ రికార్డు మోగని ఊరు లేదు. గుడిలో మొదలై, చివరికి మనిషి ఆఖరి ప్రయాణంలో కూడా వెంట వచ్చేంతగా జీవితంలో కలిసిపోయింది.

అంటే సినిమాలో లేని పాటను తెలుగువాళ్లు కొనరన్న మాట అబద్ధం! కొన్నారు. కళ్లకద్దుకుని మరీ కొన్నారు. కాకపోతే ఆ పాటలకు గుడి మైకు దారి వేసింది. రికీ మార్టిన్‌కు ఫుట్‌బాల్ మైదానం ఏం చేసిందో, ఘంటసాల గీతకు గుడి మైకు అదే చేసింది. మన పాప్‌కు ఈ రెండూ లేవు. గుడిలో దాన్ని వేయరు, మైదానంలో వేసే అలవాటు అప్పటికి లేదు.

మరి పాట కోసమే కట్టిన మందిరం సంగతేమిటి? అదీ చిక్కడపల్లిలోనే ఉంది. శ్రీ త్యాగరాయ గానసభ! 1966లో మొదలైన ఈ సభలో 'కళా సుబ్బారావు కళావేదిక' ఎక్కని కళాకారుడు హైదరాబాద్‌లో అరుదు. కచేరీలు, కూచిపూడి అరంగేట్రాలు, నాటకాలు, అవధానాలు, పుస్తకావిష్కరణలు, సన్మానాలు... సాయంత్రమైతే ఏదో ఒక కార్యక్రమం. ఎక్కువ కార్యక్రమాలకు టికెట్టు కూడా ఉండదు. సంచీ పట్టుకుని కూరగాయలకు బయల్దేరిన పెద్దాయన దారిలో ఆగి ఓ రెండు కీర్తనలు విని వెళ్లగలిగే చోటు నగరంలో ఇంకెన్ని ఉన్నాయి?

ఇక్కడ సినిమా లేకుండా పాట బతుకుతోంది. కానీ అమ్ముడుపోవడం లేదు. హాలు అద్దె నిర్వాహకులు కడతారు, శాలువా దాతలు కప్పుతారు, శ్రోతలు చప్పట్లిస్తారు. కళాకారుడికి మిగిలేది తృప్తి. ఇంకో విశేషం కూడా ఉంది. గానసభలో హాలు బాగా నిండే రోజుల్లో సినీ సంగీత విభావరులూ ఉంటాయి. ఘంటసాల జయంతికో, సుశీల పాటలకో, బాలు పాటలకో ముందు వరసలు తొందరగా నిండుతాయి. త్యాగరాజస్వామి పేరున్న గుమ్మంలోంచి కూడా సినిమా పాట దర్జాగా లోపలికి నడిచి వస్తుందన్నమాట. తప్పేం లేదు. మన జ్ఞాపకాలు ఆ పాటల్లోనే ఉన్నాయి మరి.

క్రాస్‌రోడ్స్: చీకట్లో మొదటిసారి

ఆ జ్ఞాపకాలు ఎక్కడ తయారయ్యాయో చూడాలంటే ఇంకో స్టేషన్ దూరం నడవాలి. పక్కనే బస్‌భవన్ ఉన్నా, 'ఆర్టీసీ క్రాస్‌రోడ్స్' అనగానే ఏ హైదరాబాదీకీ బస్సు గుర్తురాదు. సినిమాయే! సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి... ఒకప్పుడు ఓడియన్, సుదర్శన్ 70 ఎం.ఎం., మయూరి కూడా. ఇన్ని హాళ్లు ఒక్కచోట ఉన్న కూడలి తెలుగు రాష్ట్రాల్లో మరొకటి చెప్పడం కష్టం. సినిమా చూసి బయటికొస్తే ఎదురుగా బావర్చీ బిర్యానీ. ఆదివారం అంటే అదీ!

ట్రేడ్‌వాళ్లకు ఈ కూడలి ఓ థర్మామీటరు. 'క్రాస్‌రోడ్స్‌లో ఎంత?' అన్నది సినిమా వ్యాపారంలో ఇప్పటికీ వినిపించే ప్రశ్నే. వంద రోజుల పోస్టర్లు, 175 రోజుల షీల్డులు పోయి ఇప్పుడు మొదటి వారాంతం లెక్కలు వచ్చాయి. అంతే తేడా.

పాట సంగతికి వద్దాం. ఈ హాళ్లలో మొదటి వారం పాట మొదలవగానే ఏం జరిగేదో తెలిసిందేగా? కాగితాలు గాల్లోకి ఎగిరేవి. చిల్లర నాణేలు తెర మీద పడేవి. ముందు వరసలు లేచి నిలబడేవి. వెయ్యి మంది మధ్య, చీకట్లో, పెద్ద పెద్ద స్పీకర్లలోంచి ఓ పాటను మొదటిసారి వినడం వేరు. గదిలో టేపురికార్డర్‌లో వినడం వేరు. మొదటిది ఒక పండగ. క్యాసెట్ కొనడమంటే ఆ పండగను ఇంటికి తెచ్చుకోవడం. హాల్లో మూడు గంటలుండి బయటికొచ్చిన కుర్రాడు నారాయణగూడ దుకాణంలో సినిమా పేరే అడగడంలో వింతేముంది? సొంత ఆల్బమ్ చేసిన గాయని ఈ పండగను ఎక్కణ్నుంచి తేగలదు? ఆమె ఓడింది సినిమా పాట చేతిలో కాదు. ఈ హాలు చేతిలో!

అయితే ఈ పండగ ఖరీదును కూడా క్రాస్‌రోడ్స్ చూసింది. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ప్రీమియర్ సందర్భంగా తొక్కిసలాట జరిగి ఓ తల్లి ప్రాణాలు కోల్పోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. కుటుంబంతో సరదాగా సినిమాకు వచ్చిన మనిషి తిరిగి ఇంటికి వెళ్లలేదు. హిట్ అనే మాట వెనకున్న జనమే, అదుపు తప్పితే ఏమవుతుందో ఆ రాత్రి చెప్పింది. పాటకు జనం కావాలి నిజమే. ఆ జనానికి భద్రత కూడా కావాలి.

సరిగ్గా ఆ తర్వాతి సంక్రాంతికి ఇవే హాళ్లలో ఇంకో పాట మోగింది. 2025 జనవరి 14న విడుదలైన 'సంక్రాంతికి వస్తున్నాం'లోని 'గోదారి గట్టు'. సంగీతం భీమ్స్ సిసిరోలియో. పాడిందెవరో గమనించారా? ఇండీపాప్‌తో మొదలై, చాలాకాలం సినిమాలకు దూరంగా ఉన్న రమణ గోగుల! జతగా పాడింది మధుప్రియ. చిన్నపిల్లగా 'ఆడపిల్లనమ్మా' అంటూ సినిమాతో సంబంధం లేని జానపదంతో తెలంగాణ అంతా తెలిసిన గొంతు ఆమెది. సినిమా బయట మొదలైన ఇద్దరూ సినిమాలోనే కలిశారు. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, సినిమా విడుదలకు ముందే ఆ పాట ఫోన్లలో మోతమోగిపోయింది. హాలు కంటే ముందే పాట జనాన్ని చేరిందంటే, దారి మారిందన్నమాట. ఆ కొత్త దారి చూడ్డానికి ఎంతో దూరం వెళ్లక్కర్లేదు.

అశోక్‌నగర్: చెవిలో పెట్టుకున్న పాట

క్రాస్‌రోడ్స్ నుంచి ఇందిరాపార్కు వైపు మళ్లితే అశోక్‌నగర్. నెత్తిన 2023లో ప్రారంభమైన స్టీల్ బ్రిడ్జి, కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు. సివిల్స్, గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్... ఏ ఉద్యోగానికి ఏ కోచింగైనా ఇక్కడే. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే రావాలి. నోటిఫికేషన్ వస్తే ఈ వీధులు కిక్కిరుస్తాయి. పరీక్ష మీద అనుమానమొస్తే ఈ వీధులే రోడ్డెక్కుతాయి. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థుల ఆందోళనతో రాష్ట్రమంతా అశోక్‌నగర్ వైపు చూసింది.

ఇక్కడ పిల్లలు సినిమాహాళ్లకు కూతవేటు దూరంలో ఉంటారు. కానీ రోజూ సినిమాకు వెళ్లే డబ్బూ లేదు, తీరికా లేదు. హాస్టల్ గదిలో నలుగురు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు పాట పెట్టలేరు. అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేశాక ఈ గదుల్లోకి పాట కొత్త దారిలో వచ్చింది. క్యాసెట్ లేదు, సీడీ లేదు, దుకాణమే లేదు. కాబట్టి 'ఏ సినిమా?' అని అడిగే కౌంటరూ లేదు!

ఈ మార్పు మనకొక్కరికే కాదు. లాటిన్ పాప్‌నే చూడండి. 2017 జనవరిలో ప్యూర్టోరికోకే చెందిన లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీతో కలిసి 'డెస్పాసీటో' పాడాడు. స్పానిష్ పాటే. అదే ఏడాది ఆగస్టులో యూట్యూబ్‌లో 300 కోట్ల వీక్షణలు దాటిన తొలి వీడియో అయింది. అమెరికాలో 16 వారాలు నంబర్‌వన్‌గా నిలిచింది. మరి ఆ పాట ఉన్న ఆల్బమ్ ఎప్పుడొచ్చింది? 2019 ఫిబ్రవరిలో! రెండేళ్ల తర్వాత. రికీ మార్టిన్ కాలంలో పాట ఆల్బమ్‌ను అమ్మిపెట్టేది. ఫోన్సీ కాలానికి పాట ముందు పరుగెత్తి, ఆల్బమ్ వెనకాల నడిచొచ్చింది.

తెలుగులో దీనికి జవాబు 'బుల్లెట్టు బండి'. 2021లో వచ్చిన ఈ పాట ఏ సినిమాలోదీ కాదు. లక్ష్మణ్ రాశారు, ఎస్‌కే బాజీ బాణీ కట్టారు, 'బాహుబలి'లో 'మనోహరి' పాడిన మోహన భోగరాజు పాడారు. మంచిర్యాల వైపు ఓ పెళ్లి బరాత్‌లో కొత్త పెళ్లికూతురు ఆ పాటకు డాన్స్ చేస్తే, ఆ వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. అంతే... ఆ ఏడాది ఏ పెళ్లిలో చూసినా అదే పాట. ఇరవై ఏళ్ల కిందట మన పాప్ ఆల్బమ్‌లకు దొరకని మైదానం ఇదిగో, ఇలా బరాత్ రూపంలో దొరికింది! ఇప్పుడు తెలంగాణ పల్లెల నుంచి వచ్చే జానపదాలు సినిమా ఊసే లేకుండా కోట్ల వీక్షణలు తెచ్చుకుంటున్నాయి. సినిమావాళ్లే వాటిని వెతుక్కుంటూ వెళ్తున్నారు.

అయితే కథ సుఖాంతమైనట్టేనా? అప్పుడే కాదు. క్యాసెట్ కొన్నప్పుడు ఓ పాతిక రూపాయలు చేతులు మారేవి. అందులో పాడినవాళ్లకు ఎంత చేరేదన్నది వేరే సంగతి గానీ, పాటకు ఓ ధర ఉందని కొనేవాడికి తెలిసేది. అట్ట తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో అయినా గాయకుల పేర్లు, రాసినవాళ్ల పేర్లు ఉండేవి. ఇప్పుడు పాట ఉచితం. పదిహేను సెకన్ల ముక్కగా చేతికొస్తుంది. ఆ ముక్క మీద డాన్స్ చేసినవాళ్ల పేరు కనిపిస్తుంది, పాడినవాళ్ల పేరు కనిపించదు. హాస్టల్ గదిలో ఒకడు పాట పెడితే పక్కవాడు అడిగే ప్రశ్న మారింది. అప్పట్లో 'ఏ సినిమా?' ఇప్పుడు 'ఏ రీల్?' పాట సినిమా చెరలోంచి బయటపడింది, బాగుంది. పాడిన మనిషికి మాత్రం ఇంకా తన పేరు రాలేదు.

అప్పుడైనా ఇప్పుడైనా, తెలుగువాళ్లు పాటను తక్కువగా ప్రేమించలేదు. తక్కువగా అడిగింది పాడినవాళ్ల గురించే. అమెరికావాడు రికీ మార్టిన్ పేరు అడిగి ఆల్బమ్ కొన్నాడు. మనం ఘంటసాల పేరు అడిగి గీత కొన్నాం, సుబ్బులక్ష్మి పేరు అడిగి సుప్రభాతం కొన్నాం. పేరు అడిగి కొన్న పాటలేవో చూడండి... అరవై ఏళ్లయినా గుడి మైకులో మోగుతున్నాయి. పేరు అడగని పాటల్లో చాలా వాటికి వచ్చే సంక్రాంతి కూడా దూరమే.

కాబట్టి ఈసారి చిక్కడపల్లి వైపు వెళ్లినప్పుడు ఓ పని చేయండి. సినిమాకు వెళ్తే వెళ్లండి, బిర్యానీ తింటే తినండి. వీలైతే ఓ అరగంట ముందు బయల్దేరి గానసభలో ఆ సాయంత్రం ఏముందో చూడండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. తిరుగు రైల్లో వాళ్ల ఫోన్లో ఏ పాట మోగినా ఒక్క మాట అడగండి... 'ఇది పాడిందెవరమ్మా?' అని. తెలియకపోతే అక్కడే వెతికి చెప్పమనండి. నారాయణగూడ వచ్చేలోగా దొరుకుతుంది.